వంటింటి సరుకులతో ఫిల్ము కడగడం గురించి అల్లునికి లేఖ

చిరంజీవి అల్లునికి,

నల్లగొండ నుంచి మేనమామ ఆశీస్సులు. తాతగారి కెమెరాతో తీసిన నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడగాలని ఉందని, మందులకు బదులు వంటింట్లో దొరికేవి పనికివస్తాయా అని అడిగావు. ఫిల్ము మీద బొమ్మను తేల్చే డెవలపర్‌కు బదులు దొరుకుతుంది కానీ, మిగిలిన వెండి లవణాలను కరిగించి బొమ్మను నిలిపే హైపోకు దొరకదు. ఈ తేడా తెలియకనే చాలామంది రీళ్ళు పాడుచేసుకుంటారు.

1995లో అమెరికాలోని రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులతో కలిసి ఇన్‌స్టంట్ కాఫీ, బట్టల సోడాలతో డెవలపర్ తయారుచేశాడు. అందులో పనిచేసేది కెఫీన్ కాదు, కాఫీలో ఉండే కెఫీక్ ఆమ్లం. విటమిన్ సి కలపడం తరువాత వచ్చిన పద్ధతి. అర లీటరు నీటికి 27 గ్రాముల బట్టల సోడా, 8 గ్రాముల విటమిన్ సి పొడి, 20 గ్రాముల ఇన్‌స్టంట్ కాఫీ చాలు. చికోరీ కలవని చవక కాఫీ తీసుకో. మందుల దుకాణంలో ఇచ్చే నారింజ రంగు చప్పరించే బిళ్ళల్లో చక్కెర, రంగు ఉంటాయి కనుక పొడినే అడుగు.

అసలు చిక్కు సోడా దగ్గరే వస్తుంది. మొదటిసారి నేను తినే సోడా వేశాను. పావుగంట తరువాత చూస్తే ఫిల్ము మీద బొమ్మలే కాదు, అంచున కంపెనీవాళ్ళు వేసే నంబర్లు కూడా లేవు. నంబర్లు ఉండి బొమ్మలు లేకపోతే తప్పు కెమెరాది, నంబర్లూ లేకపోతే తప్పు మందుది అని ఆ రోజే నేర్చుకున్నాను. తినే సోడా తప్ప వేరే దొరకకపోతే దానిని స్టీలు గిన్నెలో సన్నని మంట మీద కలుపుతూ వేయించు. 100 గ్రాములు తగ్గి 63 గ్రాముల దగ్గర ఆగిందంటే బట్టల సోడాగా మారినట్లే. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దానిని తినేస్తుంది. బజారులో గాజుముక్కల్లా మెరిసే సోడా దొరికితే అందులో సగానికి పైగా నీరే కనుక 27కు బదులు 73 గ్రాములు తూచు.

మన బోరునీళ్ళు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తుకువస్తుంది కానీ ఇక్కడ ఇబ్బంది పెట్టేది నీటిలోని సున్నం. సోడా పడగానే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడు. ముందు సోడా, తరువాత విటమిన్ సి వేసి, బుసబుసమనడం తగ్గాక కాఫీ కలిపి, నురగ దిగేదాకా పది నిమిషాలు ఆగు. వాసన భరించరానిది, మీ అమ్మ తిట్టినా ఓర్చుకో. మందు వేడి 20 డిగ్రీలు ఉండాలి. ఎండాకాలంలో రంజన్ నీళ్ళు కూడా చాలవు, ఐసు వేసిన టబ్బులో సీసాను నిలబెట్టాలి. ఫిల్మును వెలుతురు చొరని ట్యాంకులో ఈ మందులో 15 నిమిషాలు ఉంచాలి, మొదటి నిమిషమంతా, ఆపైన నిమిషానికి మూడుసార్లు ట్యాంకును తిప్పాలి.

డెవలపర్ పారబోశాక నిమ్మరసం, వెనిగర్ పోయమని కొందరు చెబుతారు. సోడాకు పులుపు తగిలితే బుడగలు లేస్తాయి కనుక నేను మామూలు నీళ్ళతోనే మూడు నాలుగుసార్లు కడుగుతాను.

ఇక హైపో. వెండి లవణాలను అది కరిగిస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు. ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన టాల్బట్ తొలిరోజుల్లో దానికి బదులు ఉప్పునీళ్ళు వాడిన మాట నిజమే, కానీ ఫిల్ముకు రోజంతా నానబెట్టాల్సి వస్తుంది, అయినా నమ్మకం ఉండదు. హైపో చవకే, కొనుక్కో. వాడిన హైపోలో వెండి ఉంటుంది కాబట్టి బావి దగ్గర పారబోయకు. ఈ గిన్నెలు, చెంచాలు మళ్ళీ వంటింట్లోకి పోకూడదు.

రీలు ట్యాంకులోకి ఎక్కించే ముందు ఫిల్ము మొదట్లో బయటికి వేలాడే ముక్కను కత్తిరించి, వెలుతురులోనే ఆ కాఫీలో వేసి చూడు. కొన్ని నిమిషాల్లో అది నల్లబడకపోతే మందు పారబోసి మళ్ళీ కలుపు.

నీ మేనమామ