ఈసీజీ బాగున్నా రక్తపరీక్ష ఎందుకు?

ప్రశ్న: ఛాతీనొప్పి వచ్చిన మా నాన్నగారికి ఈసీజీ మామూలుగానే ఉందన్నారు, అయినా ఇంటికి పంపకుండా రెండుసార్లు రక్తపరీక్ష చేశారు. ఇది అవసరమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అవసరమే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోని గుండెపోటులో ఈసీజీ మామూలుగానే కనిపించవచ్చు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు అందులోని ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి చేరుతుంది. అయితే అది పెరగడానికి కొంత వ్యవధి పడుతుంది కనుక, మొదటి పరీక్షలో ఏమీ తేలకపోయినా, 1 నుంచి 3 గంటల తరువాత మళ్లీ చూసి, రెండు ఫలితాల మధ్య తేడాను గమనిస్తారు. పాత పరీక్షలతో ఈ నిరీక్షణ తరచు 6 గంటలు, అంతకు మించి ఉండేది. నొప్పిని గ్యాస్ అని ఇంట్లోనే తేల్చేయడం కంటే ఈ రెండో సూదిపోటు ఎంతో మేలు. మూత్రపిండాల జబ్బులోనూ ట్రోపోనిన్ పెరగవచ్చు కాబట్టి, ఒక్క అంకెను చూసి గుండెపోటని నిర్ధారించడం సరికాదు.