‘ది హాబిట్’ పెద్దయ్యాక చదివితే ఎక్కుతుందా? మా మేడ మీద ఒక వేసవి

మీరు అడిగింది ఇది: జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ఇంగ్లీషు నవల ‘ది హాబిట్’ను కొందరు ఆకాశానికెత్తేస్తున్నారు, కొందరు సగంలో వదిలేశామంటున్నారు, ముప్ఫై దాటాక మొదటిసారి చదివితే ఎక్కుతుందా, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు చదివి వినిపించొచ్చా అని.

నేను రెండు వర్గాల్లోనూ ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. ఇరవై రెండేళ్లప్పుడు హాస్టల్లో మొదలుపెట్టి రెండో అధ్యాయం పూర్తి కాకుండానే పక్కన పడేశాను. కిందటి వేసవి సెలవుల్లో మాత్రం మా అమ్మాయికి రోజూ రాత్రి మేడ మీద చాపేసుకుని చదువుతూ ఆఖరి పేజీ దాకా వెళ్ళాను. దానికి తొమ్మిదేళ్లు. పక్కన మంచం మీద మా అత్తగారు. మొదట్లో ఆవిడ వినడం లేదనుకున్నాను.

వదిలేసినవాళ్ల బాధ నాకు బాగా తెలుసు. టోల్కీన్ కథల మీద తీసిన సినిమాలు చూసి, పెద్ద పెద్ద యుద్ధాలు ఉంటాయని పుస్తకం తెరిస్తే, మొదటి అధ్యాయంలో బిల్బో అనే యాభై ఏళ్ల హాబిట్ పెద్దమనిషి (హాబిట్లంటే పొట్టి మనుషుల్లాంటి ఒక జాతి) ఇంటికి పిలవకుండానే పదముగ్గురు మరుగుజ్జులు టీకి వస్తారు. ఒకరి తర్వాత ఒకరు తలుపు తడతారు, కేకులు తింటారు, పాటలు పాడతారు, గిన్నెలు కడుగుతారు. ద్వాలిన్, బాలిన్, కీలి, ఫీలి, డోరి, నోరి, ఓరి, ఓయిన్, గ్లోయిన్, బిఫుర్, బోఫుర్, బోంబుర్, థోరిన్. ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోలేక నాకు అప్పట్లో తలనొప్పి వచ్చింది. స్మాగ్ అనే డ్రాగన్ ఆక్రమించుకున్న తమ నిధిని తిరిగి తెచ్చుకోవడానికి బిల్బోను వెంట తీసుకెళ్లాలని వాళ్లొచ్చారు, కానీ ఆ కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసి చూసి మూసేశాను.

అదే పేర్లు పైకి చదివితే వేరేగా ఉంటాయి. మా అమ్మాయి రెండో రోజుకే వాటిని చప్పట్లు కొడుతూ కాళ్ళాగజ్జా కంకాళమ్మా బాణీలో అప్పజెప్పేసింది. ఈ పేర్లలో చాలావరకు స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలోని ‘వోలుస్పా’ కావ్యంలో వరసగా వచ్చే మరుగుజ్జుల జాబితాలోంచి తీసుకున్నవేనని నాకు తర్వాత తెలిసింది. అంటే అవి మొదటి నుంచీ నోటితో అనడానికి పుట్టిన పేర్లే. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లం చెప్పే ప్రొఫెసర్. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎవరో విద్యార్థి ఖాళీగా వదిలేసిన పేజీ కనబడితే దాని మీద ఈ నవల మొదటి వాక్యం రాశాడట. అచ్చవ్వకముందే తన పిల్లలకు ఈ కథ చెప్పాడు. ఇప్పుడు ఆలోచిస్తే నేను హాస్టల్లో చేసిన తప్పు అదే అనిపిస్తుంది. చెవితో వినాల్సిన కథను కళ్లతో గబగబా మింగబోయాను.

అసలు ఈ పుస్తకం అచ్చవ్వడానికి కారణమైన అభిప్రాయం ఒక పిల్లాడిదే. లండన్‌లోని జార్జ్ అలెన్ అండ్ అన్విన్ సంస్థ యజమాని రాతప్రతిని తన పదేళ్ల కొడుకు రేనర్‌కి ఇచ్చి, అభిప్రాయం రాసినందుకు ఒక షిల్లింగ్ ఇచ్చాడు. బాగుంది, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలందరికీ నచ్చుతుందని రాశాడా పిల్లాడు. 1937 సెప్టెంబర్ 21న పుస్తకం వచ్చింది. మొదటి ముద్రణ 1500 కాపీలే, డిసెంబర్‌కల్లా అయిపోయాయి. అదే ఏడాది రచయిత సి.ఎస్. లూయిస్ సమీక్ష రాస్తూ ఇది క్లాసిక్ అయ్యే అవకాశం ఉందన్నాడు. ఆయన టోల్కీన్‌కి స్నేహితుడే, అయినా ఆ మాట నిజమైంది. చిన్నపిల్లలకే ఇది అందరికన్నా ఎక్కువ నవ్వు తెప్పిస్తుందనీ, ఎన్నో ఏళ్ల తర్వాత పదోసారో ఇరవయ్యోసారో చదివేటప్పుడు దీని వెనక ఎంత పాండిత్యం ఉందో తెలుస్తుందనీ కూడా అన్నాడు. పిల్లల పుస్తకమా, పెద్దల పుస్తకమా అని ఇప్పటికీ నడుస్తున్న వాదనకు నాకు ఆ సమీక్షే సరైన జవాబుగా కనిపిస్తుంది.

నేను ఇంగ్లీషులో ఒక పేరా మనసులో చదువుకుని తెలుగులో చెప్పేదాన్ని. మొదటి నాలుగు అధ్యాయాలు అలా సాగాయి. అయిదో అధ్యాయంలో మా అత్తగారు మంచం మీంచి లేచి కూర్చున్నారు.

బిల్బో కొండ లోపల చీకట్లో దారి తప్పిపోతాడు. చెరువు గట్టున గోలమ్ అనే జీవి ఎదురవుతుంది. ఇద్దరూ పొడుపు కథల పందెం వేసుకుంటారు: బిల్బో గెలిస్తే గోలమ్ బయటికి దారి చూపించాలి, ఓడితే గోలమ్ అతన్ని తినేస్తుంది. ఎర్రటి కొండ మీద ముప్ఫై తెల్ల గుర్రాలున్నాయంటాడు బిల్బో. నేను పూర్తిగా చెప్పకముందే “పళ్ళు” అన్నారు అత్తగారు చీకట్లోంచి. మా అమ్మాయి ఉలిక్కిపడింది. “నానమ్మా, నువ్వు వింటున్నావా!” ఇక ఆవిడ ఆగలేదు. “కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు, చెప్పుకో” అని మనవరాలి మీదికి వదిలారు. కనురెప్పలు అని చెప్పడానికి దానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత తెల్లటి పొలంలో నల్లటి విత్తనాలు, చేత్తో చల్లి నోటితో ఏరుకునేవి. ఆ రాత్రి గోలమ్ చెరువు గట్టునే ఉండిపోయింది, మేం నిద్రపోయాం.

అందులోనే ఇంకొకటి ఉంది. గోలమ్ ఒక పొడుపు కథ వేస్తుంది: అన్నిటినీ మింగేసేది, రాజుల్ని చంపేది, కొండల్ని అరగదీసేది ఏది? బిల్బోకి తట్టదు. ఇంకొంచెం గడువు అడగబోయి కంగారులో “టైమ్! టైమ్!” అని మాత్రం అరుస్తాడు. జవాబు కూడా అదే, టైమ్. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని ముందురోజు టెన్షన్ పడ్డాను. తీరా ఆ చోటికి వచ్చేసరికి ఏమీ మార్చాల్సిన పనే పడలేదు. మనం గడువు అడిగేటప్పుడు టైమివ్వు అనే కదా అంటాం.

చివరికి బిల్బో “నా జేబులో ఏముంది?” అని అడిగి గెలుస్తాడు. జేబులో ఉన్నది చీకట్లో అతనికి దొరికిన గోలమ్ ఉంగరం, అది పెట్టుకుంటే ఎవరికీ కనబడరు. ఇది న్యాయమా అన్యాయమా అని పాఠకులు ఎనభై ఏళ్లకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. నిజానికి అది పొడుపు కథ కిందికి రాదని పుస్తకమే ఒప్పుకుంటుంది. మా అమ్మాయి తీర్పు ఒక్క ముక్క: “మోసం.” ప్రాణం మీదికొచ్చినప్పుడు బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడు బలికి చెప్పలేదా అన్నారు అత్తగారు. “బలి వినలేదుగా నానమ్మా” అంది మా అమ్మాయి. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇద్దర్నీ చూస్తూ కూర్చున్నాను. మంచి పుస్తకం ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను ఆ రాత్రి గురించే చెబుతాను.

ఈ అధ్యాయం గురించి ఒక విషయం తెలిస్తే మీకు ఇంకా నచ్చుతుంది. 1937 ముద్రణలో ఇలా ఉండదు. అందులో గోలమ్ తను ఓడితే ఉంగరాన్ని బహుమతిగా ఇస్తానంటుంది, అది కనబడక క్షమాపణ చెప్పి, దారి చూపించి, మర్యాదగా సాగనంపుతుంది. తర్వాత ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అనే పెద్ద నవల రాస్తున్నప్పుడు ఆ ఉంగరం మామూలుది కాదని తేలడంతో టోల్కీన్ ఈ అధ్యాయాన్ని తిరగరాశాడు, అది 1951 ముద్రణలో వచ్చింది. చేతిలో కత్తి ఉండి, తను ఎదుటివాడికి కనబడకుండా ఉండి కూడా, దారికడ్డంగా కూర్చున్న గోలమ్‌ను చంపకుండా బిల్బో మీంచి దూకి వెళ్లిపోయే చోటు పాఠకులకు ఎంతో ఇష్టమైనది. అది మొదటి ముద్రణలో లేనే లేదు!

ఇక ఫిర్యాదులు. పుస్తకం నచ్చనివాళ్లు ఎక్కువగా చెప్పే కారణం, ఇంత దూరం నడిచి వెళ్లి హీరో డ్రాగన్‌ను చంపడు అని. నిజమే. స్మాగ్‌ను చంపేది బార్డ్ అనే విలుకాడు, అతని పేరు మనకు అప్పుడే తెలుస్తుంది. చివరి యుద్ధంలో బిల్బో తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పి పడిపోతాడు, కళ్లు తెరిచేసరికి యుద్ధం అయిపోయి ఉంటుంది. మా అమ్మాయికి కోపం వచ్చి రెండు రోజులు పుస్తకం తీయనివ్వలేదు. మా అత్తగారు చిన్నప్పుడు ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు నెలనెలా ఎదురుచూసి చదివిన మనిషి, ఆవిడ కూడా పెదవి విరిచారు. సాహస కథ అన్నాక కథానాయకుడు రాక్షసుణ్ణి చంపాలి కదా అని.

నాకు మాత్రం ఈ నవల ప్రాణం అంతా సొరంగంలో ఉంది. పన్నెండో అధ్యాయం. డ్రాగన్ పడుకున్న గుహలోకి సొరంగం గుండా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. బాలిన్ కొంచెం దూరం తోడు వచ్చి ఆగిపోతాడు. బిల్బో ఒక్కడే దిగుతాడు. ముందు ఎర్రటి వెలుగు, తర్వాత ఉక్క, ఆవిరి. తర్వాత ఒక చప్పుడు, పొయ్యి మీద పెద్ద కుండ కుతకుతా ఉడుకుతున్నట్టు, దాంతోపాటు పేద్ద గండుపిల్లి గుర్రుమన్నట్టు. అది గురక అని అర్థమైన చోట అతను ఆగిపోతాడు. అక్కడి నుంచి ముందుకు అడుగెయ్యడమే అతను జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ ధైర్యమైనదనీ, అసలు యుద్ధం ఆ సొరంగంలో ఒంటరిగా, ప్రమాదం కళ్లబడకముందే చేశాడనీ టోల్కీన్ రాస్తాడు. అక్కడ కత్తి దూసే పని లేదు, చూసేవాళ్లు లేరు. ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు, ఇంటర్వ్యూ గది ముందు, రాత్రి రెండింటికి మోగుతున్న ఫోను ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ ఆ సొరంగం తెలుసు. ఇరవై రెండేళ్లప్పుడు నాకు తెలియదు, అంతే తేడా.

ఇంకో చోటు కూడా అలాంటిదే. బంగారం కోసం స్నేహితులే శత్రువులై కొట్టుకు చచ్చేలా ఉన్నప్పుడు, యుద్ధం ఆపాలని బిల్బో థోరిన్ ప్రాణంగా వెతుకుతున్న మణిని రహస్యంగా తీసుకెళ్లి అవతలివాళ్ల చేతిలో పెడతాడు. నువ్వు వెనక్కి వెళ్లకు, మా దగ్గరే ఉండిపో అంటాడు అవతలి పక్షంలో ఉన్న ఎల్ఫ్‌లనే అడవి జాతి రాజు. స్నేహితుల్ని ఇలా వదిలేసి రాలేననీ, పైగా అర్ధరాత్రి బోంబుర్‌ను నిద్ర లేపుతానని మాటిచ్చాననీ చెప్పి, తనను ఏం చేస్తారో తెలిసీ వెనక్కి వెళ్లిపోతాడు. మా అమ్మాయి అలక ఇక్కడ తీరింది. “డ్రాగన్‌ను చంపడం కన్నా ఇది కష్టం కదమ్మా?” అంది.

ఆడవాళ్లు లేరన్న ఫిర్యాదు మాత్రం పూర్తిగా నిజం, దానికి సమర్థన లేదు. బిల్బో తల్లి బెల్లడోనా పేరు వస్తుంది, అంతే. చదివేవాళ్లను మధ్యమధ్యలో చిన్నపిల్లల్లా చేసి మాట్లాడే ధోరణి కూడా కొన్నిచోట్ల ఇబ్బంది పెడుతుంది, అది తన తప్పేనని టోల్కీన్ తర్వాత ఒప్పుకున్నాడు. “ఒక్క అమ్మాయి కూడా లేదేంటమ్మా?” అని మా పిల్ల మూడో రోజే అడిగింది. లేదని చెప్పాను. అది కాసేపు ఆలోచించి, మరుగుజ్జులందరిలోకీ చిన్నవాళ్లైన ఫీలి, కీలిలను అక్కాచెల్లెళ్లను చేసేసింది. గడ్డాలు తీసేసింది. ఆ రోజు నుంచి మా కథలో వాళ్లు “వచ్చింది, వెళ్లింది” అయ్యారు. నాకు బాగానే అనిపించింది.

చివరి అధ్యాయాలు నేను ముందుగా చదువుకున్నప్పుడు గుండె జారింది. యుద్ధంలో థోరిన్‌తో పాటు ఫీలి, కీలి కూడా చనిపోతారు. పుస్తకంలో అది ఒక్క వాక్యమే: థోరిన్ వాళ్ల తల్లికి అన్న కాబట్టి, అతన్ని కాపాడుతూ డాళ్లు అడ్డుపెట్టి, ఒళ్లు అడ్డుపెట్టి పడిపోయారు. మార్చి చెప్పాలా అని ఒక పగలంతా ఆలోచించాను. రాత్రికి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. అమ్మాయి ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి అత్తగారే అన్నారు, “మేనమామ కోసమా?” అవునన్నాను. “అయితే వెళ్తారులే” అని కళ్లు తుడుచుకున్నారు. ఇంగ్లీషులో ఆ వాక్యం చదివినప్పుడు నాకు తట్టని బంధం తెలుగులో ఒక్క మాటలో వచ్చేసింది.

మీ ప్రశ్నకు వస్తే, ముప్ఫై దాటాక తప్పకుండా ఎక్కుతుంది, కాకపోతే అయిదో అధ్యాయం దాకా ఓపిక పట్టండి. అప్పటికీ నచ్చకపోతే మూసెయ్యండి, తప్పేం లేదు. మొత్తం 19 అధ్యాయాలు, రోజుకు సగం అధ్యాయం చొప్పున మాకు సెలవులు సరిపోయాయి. 2012, 2013, 2014ల్లో వచ్చిన మూడు సినిమాలు చూసి ఉంటే వాటిని పక్కన పెట్టండి, పుస్తకంలో ఆ యుద్ధం కొన్ని పేజీలే, టారియెల్ పాత్ర అసలు లేదు. తొమ్మిదేళ్ల పిల్లలకు నిక్షేపంగా చదవొచ్చు. మిర్క్‌వుడ్ అడవిలో సాలీళ్లు వచ్చే ఎనిమిదో అధ్యాయం మాత్రం పగటిపూట చదవండి. మేం రాత్రి చదివాం, తర్వాత వారం రోజులు మేడ మీద పడుకోవడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు.