ముందు చక్రం గరగర: బేరింగు మార్చే ముందు క్యాలిపర్ పిన్నులు కదులుతున్నాయో లేదో చూడండి

తిరుమల వెళ్ళి వచ్చిన మరుసటి రోజు నుంచి ఎడమవైపు ముందు చక్రం దగ్గర గరగరమని శబ్దం వస్తోందనీ, ఒక మెకానిక్ బేరింగు (చక్రం సాఫీగా తిరిగేలా చేసే భాగం) పోయిందన్నారనీ, మరొకరు చక్రంతోపాటు తిరిగే డిస్కును నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్లు అరిగాయన్నారనీ, డబ్బు పెట్టే ముందు ఈ రెండింటిలో ఏదో ఎలా తేల్చుకోవాలనీ మీరు అడిగారు. ఈ రెండూ కాక మూడో కారణం కూడా ఉండవచ్చు. నా కారులో అదే జరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల్లో మా వీధిలో నీళ్ళు నిలిచి, నా కారు ఒక రాత్రంతా చక్రాల సగం వరకు నీళ్ళలోనే ఉండిపోయింది. ఇంజను లోపలికి నీరు పోలేదని ఊరట చెందాను తప్ప చక్రాల సంగతి ఆలోచించలేదు. మరుసటి వేసవిలో ఎడమ చక్రం దగ్గర సన్నగా రాపిడి శబ్దం మొదలైంది. రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకువెళితే కారును కాస్త దూరం నడిపి చూసి బేరింగు మార్చారు, అయినా శబ్దం పోలేదు. రెండోసారి ప్యాడ్లు మార్చారు. శబ్దం పోయింది కానీ, రెండు నెలలు తిరగకముందే ఇనుముకు ఇనుము రాసుకుంటున్నట్టు మరింత గట్టిగా వచ్చింది. చివరకు చిత్తూరులో మా బంధువులకు తెలిసిన ఒక పెద్దాయన క్యాలిపర్ (డిస్కుకు రెండు వైపులా ప్యాడ్లను పట్టి ఉంచి నొక్కే భాగం) విప్పి, రెండు ప్యాడ్లనూ నా అరచేతిలో పక్కపక్కన పెట్టారు. బయటి ప్యాడు దాదాపు కొత్తదానిలాగే ఉంది, లోపలి ప్యాడు మాత్రం దాని వెనుక ఇనుప రేకు కనబడేంతగా అరిగిపోయింది. క్యాలిపర్ జారవలసిన కింది పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి, స్పానరు పెట్టి తిప్పినా కదలలేదు.

మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండే క్యాలిపర్‌లో పిస్టన్ (బ్రేకు ఆయిల్ ఒత్తిడికి ముందుకు జరిగే భాగం) లోపలి వైపు మాత్రమే ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు అది లోపలి ప్యాడును డిస్కుకు నొక్కుతుంది, ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును కూడా లాక్కువస్తుంది. పిన్ను బిగుసుకుంటే ఈ జరగడం ఆగిపోతుంది. పని భారమంతా లోపలి ప్యాడు మీద పడుతుంది, బ్రేకు వదిలిన తరువాత కూడా ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. అందుకే కారణాన్ని అలాగే ఉంచి ప్యాడ్లు మాత్రం మారిస్తే కొన్నాళ్ళకే సమస్య తిరిగివస్తుంది.

ఇక మీ కారు విషయం. షెడ్డుకు వెళ్ళే ముందు, శబ్దం ఏ పరిస్థితిలో వస్తోందో, ఏ పరిస్థితిలో ఆగుతోందో మీరే గమనించాలి, ఎందుకంటే మెకానిక్ ఐదు నిమిషాలు నడిపి చూసేదానికంటే రోజూ నడిపే మీకు తెలిసేది ఎక్కువ. చంద్రగిరి దాటాక హైవేలో రద్దీ లేని సమయం చూసుకుని, అద్దాలు దించి, 60 కిలోమీటర్ల వేగంలో శబ్దం వస్తున్నప్పుడు బ్రేకు పెడలును పాదంతో అతి తేలికగా తాకి చూడండి. శబ్దం వెంటనే మారినా, ఆగినా బ్రేకు వైపే చూడాలి. నా కారులో అలా తాకగానే ఆగిపోయేది, ఆ మాట నేను మొదటి షెడ్డులో చెప్పి ఉంటే బేరింగు జోలికి పోయేవారు కాదు. పెడలుతో సంబంధం లేకుండా, వేగంతోపాటు పెరుగుతూ గుయ్‌మనే మోత అయితే బేరింగును అనుమానించాలి. మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి, రోడ్డు కుడివైపు తిరుగుతున్నప్పుడు మోత పెరిగి, ఎడమవైపు తిరుగుతున్నప్పుడు తగ్గితే ఎడమ బేరింగు మీద అనుమానం బలపడుతుంది. ఒక్కోసారి టైరు ఎగుడుదిగుడుగా అరిగినా ఇలాగే మోగుతుంది. ముందు టైర్లను వెనక్కి మార్చి చూస్తే, మోత కూడా వెనక్కి వెళ్ళిందంటే తప్పు టైరుదే.

రెండో పరీక్ష వేడిది, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగినది. ఒక పది కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకుతో నడిపి, బ్రేకు మీద కాకుండా కారు దానంతట అది నెమ్మదించి ఆగేలా చూసుకుని, వెంటనే దిగి రెండు ముందు చక్రాల దగ్గరా అరచేతిని తాకకుండా ఉంచి పోల్చండి. ఒక చక్రం దగ్గర సెగ స్పష్టంగా ఎక్కువగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా అక్కడ బ్రేకు పట్టే ఉంటోందని అర్థం. డిస్కును వేలితో తాకవద్దు, వేడి డిస్కు మీద నీళ్ళు పోయవద్దు.

మూడోది చక్రం ఎత్తి చూడడం. చదునైన చోట హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి జాకీ ఎత్తాలి. ఎత్తిన కారు కిందికి శరీరంలో ఏ భాగాన్నీ పోనివ్వకూడదు, ఎత్తిన కారును మోసే స్టాండు లేకపోతే ఈ పని షెడ్డుకే వదిలేయండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందంటే బేరింగు గానీ, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటు గానీ వదులైంది. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే స్టీరింగ్ రాడ్డు చివర చూడాలి. తరువాత ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచండి. బేరింగు పాడై ఉంటే ఆ గరుకుతనం స్ప్రింగులో సన్నని వణుకుగా చేతికి తెలుస్తుంది. ప్యాడ్లు కొంచెం రాసుకోవడం మామూలే. కానీ రెండు చేతులతో బలంగా తిప్పితే తప్ప తిరగకపోతే అది బ్రేకు పట్టడమే.

క్యాలిపర్ విప్పించినప్పుడు మీరు పక్కనే ఉండండి. లోపలి, బయటి ప్యాడ్ల మందం పోల్చి చూడమనండి. మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. రెండు పిన్నులూ చేత్తో లాగితే రావాలి, నొక్కితే లోపలికి పోవాలి. తుప్పు పట్టినవాటిని ఇసుక కాగితంతో రుద్ది మళ్ళీ వేయడం కంటే, రబ్బరు తొడుగులతో సహా కొత్తవి వేసుకోవడం మేలు. గ్రీజు కూడా బ్రేకులకు వాడే సిలికాన్ రకమే కావాలి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, పిన్ను మళ్ళీ బిగుసుకుంటుంది. విప్పిన క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టమని చెప్పండి. పిన్నులు బాగానే ఉండి కూడా బ్రేకు చక్రాన్ని వదలకపోతే పిస్టన్ గానీ, లోపల ఉబ్బి ఒత్తిడిని తిరిగి వదలని గొట్టం గానీ కారణం కావచ్చు. డిస్కు మీద లోతైన గీతలు ఉంటే లేత్ పట్టించి నునుపు చేయించే ముందు, దాని మీదే అచ్చు వేసి ఉండే కనీస మందం అంకె చూడాలి.

చిన్న కారణాలూ ఉంటాయి. డిస్కుకూ దాని వెనుక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే భయపెట్టేంత శబ్దం వస్తుంది, తీసేస్తే పోతుంది. వాన రాత్రి తరువాత ఉదయం వచ్చే గరగర డిస్కు మీది తుప్పు పొర వల్ల, నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటే చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింటు, స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే కొట్టుకుంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్డు.

మీ శబ్దం కొండ దిగిన మరునాడే మొదలైంది కాబట్టి ఒక మాట చెప్పాలి. పైకి వెళ్ళడానికి 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు ఉంది, దిగేది మాత్రం 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో, మెలిక మీద మెలికగా. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం వేగాన్ని అదుపులో ఉంచడానికే. అయినా పై గేరులో ఉండి పెడలు మీదే కాలు ఆనించి దిగేవారిని నేను ప్రతిసారీ చూస్తున్నాను. అప్పటికే చక్రాన్ని వదలకుండా పట్టి ఉన్న బ్రేకు, అలా దిగితే విపరీతంగా వేడెక్కుతుంది. పాత బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది కనుక తక్కువ వేడికే మరిగి, ఆవిరి బుడగలు ఏర్పడి, పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు తట్టుకోవాలి, తేమ చేరిన తరువాత ప్రమాణం 140 డిగ్రీలే. రెండేళ్ళకొకసారి దాన్ని మార్పించండి. దిగేటప్పుడు రెండో గేరులో ఉండి ఇంజనుతోనే వేగాన్ని ఆపుకోండి. ఇంజను ఆపి న్యూట్రల్‌లో మాత్రం ఎన్నడూ దిగవద్దు, పెడలు తేలికగా నొక్కడానికి తోడ్పడే బ్రేకు బూస్టరు సాయం పోయి పెడలు రాయిలా గట్టిపడుతుంది.

కారణం తేలేవరకు దయచేసి ఆ కారుతో మళ్ళీ కొండ ఎక్కవద్దు. ఇనుము రాసుకునే శబ్దం గానీ, బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగడం గానీ ఉంటే ఊళ్ళో కూడా తిప్పవద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. ప్యాడ్లు మార్చవలసి వస్తే ఎడమవైపు మాత్రమే కాకుండా రెండు వైపులా మార్పించండి. చక్రం బిగించాక ఒక 50 కిలోమీటర్లు తిరిగిన తరువాత నట్లు మరోసారి బిగింపు చూసుకోండి.