బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ‘సిజర్ కిక్’ అని డిస్‌క్వాలిఫై చేశారు, పాపని ఫ్రీస్టైల్‌కి మార్చేయాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా పాపకి 11 ఏళ్లు. మొన్న జిల్లా పోటీల్లో 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ హీట్‌లో అందరికంటే ముందు వచ్చింది. కానీ ‘సిజర్ కిక్’ అని చీటీ రాసిచ్చి డిస్‌క్వాలిఫై చేశారు. పాప రెండు రోజులు పూల్‌కి వెళ్లనంది. ముందు గోడ తాకిన పిల్లని కాలు ఎటు తిరిగిందో చూసి తీసేయడం న్యాయమేనా? మా వాళ్లు ఫ్రీస్టైల్‌కి మార్చేయమంటున్నారు. కాళ్లలో బలం రావడానికి ఆర్కే బీచ్‌లో ఈత కొట్టించమని కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:

మార్చొద్దండి. కిక్ సరిగ్గా పడకుండానే హీట్‌లో ముందు వచ్చిందంటే మీ పాపకి నీటి మీద మంచి పట్టు ఉంది. కాలు సరిచేసుకోవడం కొన్ని నెలల పని. మా పెద్దమ్మాయిది కూడా బ్రెస్ట్‌స్ట్రోకే, తనకీ ఇదే ఇబ్బంది వచ్చింది, పోయింది. పైగా నేను చాలా ఏళ్లుగా మన జిల్లా మీట్లలో గోడ దగ్గర, పిల్లలు సరిగ్గా తిరుగుతున్నారో లేదో చూసే టర్న్ జడ్జిగా నిలబడుతున్నాను. కాబట్టి తల్లిదండ్రుల వైపు నుంచీ జడ్జి వైపు నుంచీ రెండూ చెప్పగలను.

ముందు చీటీ సంగతి. బ్రెస్ట్‌స్ట్రోక్ అంటే బోర్లా ఉండి, కప్పలా కాళ్లు మడిచి నెట్టే ఈత. ఇందులో కాళ్లతో నీటిని వెనక్కి నెట్టేటప్పుడు రెండు పాదాలూ బయటికి తిరిగి ఉండాలి, రెండు కాళ్లూ ఒకేసారి కదలాలి. ఒక పాదం సరిగ్గా తిరిగి, రెండోది మాత్రం వేళ్లు వెనక్కి చాచి, పాదం పైభాగంతో నీటిని కొడితే దాన్నే సిజర్ కిక్ అంటారు. పిల్ల గోడ తన్ని మా నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు మాకు ఇది బాగా కనిపిస్తుంది. రెండు అరికాళ్లూ మా వైపు చూస్తుంటే కిక్ బాగున్నట్టే. ఒకటి అరికాలు, ఇంకొకటి వేళ్లు కనిపిస్తే తప్పు జరిగిందని చెయ్యి ఎత్తాల్సిందే. ఎండ నీళ్ల మీద మెరిసి సరిగ్గా కనపడకపోయినా, పక్క లేన్ నుంచి నీళ్లు చిమ్మి అనుమానం వచ్చినా చెయ్యి ఎత్తం. అనుమానం ఉంటే స్విమ్మర్‌కే లాభం ఇవ్వాలని మాకు మొదటి రోజే నేర్పుతారు. మేం రాసినదాన్ని రిఫరీ అడిగి చూసుకుని ఒప్పుకుంటేనే డిస్‌క్వాలిఫై అవుతుంది. అభ్యంతరం ఉంటే టీమ్ తరఫున రాసివ్వాలి, అంతర్జాతీయ నిబంధనల్లో అయితే రేసు ముగిసిన 30 నిమిషాల్లోపు ఇవ్వాలి. గ్యాలరీలోంచి ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది, కానీ పక్క నుంచి తీసిన వీడియోలో పాదం తిరిగిందో లేదో తేలదు.

ఇక ‘న్యాయమేనా’ అన్నారు. బ్రెస్ట్‌స్ట్రోక్ అనే ఈత ఇంకా బతికి ఉందంటే ఈ పట్టింపు వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడున్న నాలుగు పద్ధతుల్లో ఇదే నెమ్మది. పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాన్ ఝాన్‌లె 46.40 సెకన్లలో ఈదాడు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఆడమ్ పీటీ 2019లో పెట్టిన రికార్డు 56.88. ఇద్దరూ ప్రపంచంలో అందరికంటే వేగంగా ఈదినవాళ్లే, అయినా పది సెకన్లకు పైగా తేడా. చేతులు ముందుకు వేసేటప్పుడు మోచేతులు నీళ్లలోనే ఉండాలి, మోకాళ్లు మడిచి కాళ్లు దగ్గరికి లాక్కోవాలి, ఆ లాక్కునే ప్రతిసారీ నీరు మనిషిని పట్టి ఆపుతుంది. అందుకే ఈ పద్ధతిలో ఈదేవాళ్లు ఎప్పుడూ ఏదో ఒక దారి వెతుకుతూనే వచ్చారు.

1930లలో కొందరు చేతుల్ని నీళ్ల పైనుంచి ఎగరేసి ముందుకు వేయడం మొదలుపెట్టారు. అప్పటి నిబంధనల్లో అది తప్పు కాదు. చివరికి అందరూ అలాగే ఈదుతుంటే దాన్ని విడదీసి బటర్‌ఫ్లై అనే వేరే పోటీ పెట్టారు, ఒలింపిక్స్‌లో అది 1956 మెల్‌బోర్న్‌లో మొదలైంది. అదే మెల్‌బోర్న్‌లో జపాన్‌కి చెందిన మసారు ఫురుకావా 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో చాలా దూరం నీటి అడుగునే ఈది బంగారు పతకం గెలిచాడు. పైన అలలు పుడతాయి, నీరు ఎదురు తోస్తుంది. అడుగున ఆ బాధ తక్కువ. ఆ తర్వాత నీటి అడుగున అలా ఈదడాన్ని ఆపేస్తూ నిబంధన మార్చారు. ఇప్పుడు స్టార్ట్ తర్వాతా, ప్రతి టర్న్ తర్వాతా ఒక్కసారి చేతులు తొడల దాకా లాగే పుల్-అవుట్ వరకే అడుగున ఉండొచ్చు. ఆపైన ప్రతి స్ట్రోక్‌కీ తల నీటి పైకి రావాలి.

మన పిల్లలకి నేను తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. ఆ మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన తెలుగు నేల నుంచి వెళ్లిన షంషేర్ ఖాన్ ఉన్నారు. రేపల్లె ప్రాంతం వారు, సైన్యంలో పనిచేశారు, బటర్‌ఫ్లైతో పాటు బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనూ పోటీకి దిగారు. 2017లో కన్నుమూశారు. ఆయన పేరు మన దగ్గర ఈత నేర్చుకునే పిల్లల్లో చాలామందికి తెలియదు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

తర్వాత 2004 ఏథెన్స్. 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ గెలిచిన జపాన్ ఈతగాడు కొసుకె కితజిమ పుల్-అవుట్‌లో డాల్ఫిన్ కిక్, అంటే రెండు కాళ్లూ కలిపి చేప తోకలా కిందికి కొట్టే కిక్, కొట్టాడని అమెరికా ఈతగాడు ఆరన్ పియర్సల్ బహిరంగంగా ఆరోపించాడు. పైనుంచి చూసే జడ్జికి అది కనపడటం కష్టం. 2005లో నిబంధన మార్చి స్టార్ట్‌కీ, ప్రతి టర్న్‌కీ ఒక్క డాల్ఫిన్ కిక్ కొట్టొచ్చన్నారు. రెండోది కొడితే డిస్‌క్వాలిఫై. ఒకటి ఇచ్చారు కాబట్టి పిల్లలు తెలియకుండా రెండోది కొట్టేస్తుంటారు, మీ పాపకి అది కూడా చూడమని కోచ్‌కి చెప్పండి.

ఇప్పుడు అసలు పని, కాలు సరిచేయడం. ఈ కిక్ ఎక్కడి నుంచి వస్తుందంటే చాలా సార్లు మొదట ఈత నేర్చుకున్న చోటు నుంచే. మా అమ్మాయి ముందు అనకాపల్లి వైపు మా అత్తగారి ఊళ్లో, బావిలో, నడుముకి జీలుగు బెండ్లు కట్టుకుని నేర్చుకుంది. ఆ ఊళ్లో దాన్ని కప్ప ఈత అంటారు. మునగకుండా తేలడానికి ఆ ఈత చాలా గొప్పది, కానీ అక్కడ తల ఒక పక్కకి తిప్పి ఈదుతారు. తల తిరిగితే భుజం వాలుతుంది, భుజం వాలితే నడుము ఒరుగుతుంది, నడుము ఒరిగాక ఆ వైపు పాదం బయటికి తిరగదు. మా అమ్మాయి కుడి కాలు అలాగే తయారైంది. కాబట్టి మీరు పాదాన్నే చూస్తూ కూర్చోకండి. పాప ఊపిరి తీసుకునేటప్పుడు గడ్డం నేరుగా ముందుకి ఉందా, ఒక పక్కకి పోతోందా అని కోచ్‌ని అడగండి. సగం మంది పిల్లల్లో తప్పు అక్కడే ఉంటుంది.

మా కోచ్ చేయించినది ఇది. ముందు నీళ్లలోకి దింపలేదు. పూల్ అంచున కూర్చోబెట్టి, కాళ్లు నీళ్లలో పెట్టించి, పాదాన్ని మొదట పైకి వంచమని, తర్వాత బయటికి తిప్పమని, ఆ తర్వాతే గుండ్రంగా నెట్టి రెండు మడమలూ కలపమని చెప్పారు. పిల్ల తన పాదాల్ని తన కళ్లతో చూసుకుంటుంది కాబట్టి ఏ కాలు మాట వినడం లేదో తనకే తెలిసిపోతుంది. తర్వాత వెల్లకిలా పడుకుని, చేతులు పక్కన పెట్టుకుని, కాళ్లతో మాత్రమే. ఇందులో మోకాళ్లు నీటి పైకి రాకూడదు. అది కుదిరాక గోడ పట్టుకుని బోర్లా, ఆపైన కిక్‌బోర్డుతో. చివరికి రెండు కిక్‌లకి ఒక్కసారి చేతులు లాగుతూ పూర్తి ఈత. ఈ రెండు కిక్‌ల పద్ధతి ప్రాక్టీసుకి మాత్రమేనండి. పోటీలో ఒకసారి చేతులు, ఒక కిక్, ఆ వరుసే ఉండాలి.

ఇందులో ఒక జాగ్రత్త. పాదం తిరగడం లేదని ఇంట్లో చేత్తో పట్టుకుని తిప్పకండి. బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్ మోకాలి లోపలి వైపు బాగా ఒత్తిడి పెడుతుంది. ఒక్కసారిగా వందల కిక్‌లు కొట్టిస్తే అక్కడ నొప్పి మొదలవుతుంది. పాప మోకాలు లోపలి వైపు నొప్పి అంటే ఆ రోజుకి కిక్ ఆపించి ఫ్రీస్టైల్ ఈదించండి, నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. చీలమండ మెల్లగా, పిల్ల సొంత కండబలంతోనే తిరగాలి.

ఇంకో మాట. కొత్త కిక్ వచ్చిన మొదట్లో టైమింగ్ పెరుగుతుంది. మా ఇంట్లో పెద్ద టెన్షన్ అయింది, ‘బాగున్నదాన్ని పాడుచేశారు’ అని. పాత కిక్‌కి కండలు అలవాటు పడి ఉంటాయి కాబట్టి కొత్తది కొన్ని వారాలు నెమ్మదిగానే ఉంటుంది. ఆ సమయంలో స్టాప్‌వాచ్ ఇంట్లో పెట్టి వెళ్లండి. ఆపైన వచ్చే చిక్కు ఏంటంటే, ప్రాక్టీసులో బాగానే ఉన్న కాలు రేసు చివర్లో అలసిపోయాక మళ్లీ పాత దారికి పోతుంది. నేను గోడ దగ్గర చూసే సిజర్ కిక్‌లలో ఎక్కువ శాతం రెండో సగంలోవే. అందుకే ప్రాక్టీసులో చివరి సెట్‌లో, పిల్ల అలసిపోయి ఉన్నప్పుడే, కోచ్ లేన్ వెనక నిలబడి చూడాలి. పొద్దున్నే తాజాగా ఉన్నప్పుడు చూసి బాగుందనుకుంటే ఉపయోగం లేదు.

టచ్ గురించి కూడా చెప్పాలి. చిన్న పిల్లల్ని మేం ఎక్కువగా తీసేసేది దీనికే. టర్న్‌లోనూ ఫినిష్‌లోనూ రెండు చేతులూ ఒకేసారి, విడివిడిగా గోడ తాకాలి. రెండూ ఒకే ఎత్తులో ఉండక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి మాత్రం పెట్టకూడదు. ప్రాక్టీసులో గోడ దగ్గర ఒంటిచేత్తో ఆగే అలవాటు ఉన్న పిల్ల పోటీలో కూడా అదే చేస్తుంది. వార్మప్‌లో అయినా సరే రెండు చేతులూ తాకాలని ఇంట్లోనే మాట తీసుకోండి.

ఆర్కే బీచ్ మాట మీ వాళ్ల దగ్గర మళ్లీ రాకుండా చూడండి, దయచేసి. అక్కడ కెరటం తిరిగి వెళ్లేటప్పుడు మనిషిని లోపలికి లాగుతుంది. మన బీచ్‌లలో ఈత వచ్చినవాళ్లు కూడా కొట్టుకుపోయారు. జాలారిపేట మత్స్యకారుల పిల్లలు ఈదుతున్నారు కదా అంటారు, వాళ్లకి ఏ పూట సముద్రం ఎలా ఉంటుందో పుట్టినప్పటి నుంచీ తెలుసు. పైగా స్ట్రోక్ సరిచేయడానికి కదలని నీరు కావాలి. అలల్లో తల పైకెత్తి, ఒక పక్కకి ఒరిగి ఈదుతారు, మీరు పోగొట్టాలనుకుంటున్న తప్పు అక్కడ ఇంకా ముదురుతుంది. బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉండగా పిల్లని ఇసుక దాటించాల్సిన పని లేదు.

ఫ్రీస్టైల్‌కి మార్చడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫ్రీస్టైల్ ఈదే పిల్లలు ప్రతి క్లబ్‌లోనూ బోలెడుమంది. మంచి బ్రెస్ట్‌స్ట్రోక్ పిల్ల ఉంటే నలుగురు తలో పద్ధతిలో ఈదే మెడ్లీ రిలేకి వెతుక్కుంటూ వస్తారు, ఎందుకంటే అందులో ఒకరి వంతు తప్పనిసరిగా బ్రెస్ట్‌స్ట్రోకే. ఒక్కరే నాలుగు పద్ధతులూ ఈదే వ్యక్తిగత మెడ్లీలో బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్ అయ్యాక మూడోది ఇదే, చాలా రేసులు అక్కడే తారుమారవుతాయి. ఇప్పుడు దీన్ని వదిలేస్తే ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సందీప్ సెజ్వాల్ మన దేశానికి తెచ్చిన కాంస్యం 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లోదే. ఫ్రీస్టైల్ ఎలాగూ రోజూ ఈదుతుంది, దాన్ని కూడా ఉంచండి.

వచ్చే మీట్‌కి 100 మీటర్లు పక్కన పెట్టి 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మాత్రమే పేరు ఇవ్వండి. దూరం తక్కువ కాబట్టి కాలు చివరి దాకా నిలబడుతుంది. పాపకి ముందే చెప్పండి, ఈసారి లెక్క చీటీ రాకుండా ఈదడం, ఎన్నో స్థానమైనా పర్వాలేదని. రేసుకి ముందు కోచ్‌తో మాట్లాడించి మొదటి పుల్-అవుట్ ఒకటి, టచ్ ఒకటి వార్మప్‌లో చేయించండి. నేను ఆ గోడ దగ్గర ఉంటే, ఈత అయిపోయాక పాపని తీసుకుని రండి, ఏ పాదం ఎలా కనిపించిందో నేనే తనకి చెప్తాను.