చెమ్మగిల్లేవి కళ్లేనా?

సందేహం: మాది కావలి. వానలు పట్టాయంటే మా వీధి తలుపు బిగుసుకుపోతుంది, ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది, బీరువాలోని పట్టుచీరలు ముక్క వాసన వేస్తాయి. ‘ఇల్లంతా చెమ్మగిల్లింది’ అంటే మా కోడలు, ‘చెమ్మగిల్లేవి కళ్లు అత్తయ్యా, ఇంట్లో హ్యుమిడిటీ పెరిగిందనండి’ అంటోంది. ఎవరిది ఒప్పు? ముక్క వాసనలో ‘ముక్క’ ఏమిటి?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మాట నిక్షేపంగా ఉంది. చెమ్మగిల్లడాన్ని కళ్లకు మాత్రమే రాసిచ్చింది ఈనాటి కథలూ సీరియళ్లూ. వాటిలో ప్రతి పేజీకీ ఎవరివో కళ్లు చెమ్మగిల్లవలసిందే! అగ్గిపుల్ల గీస్తే వెలగకపోయినప్పుడు మన పెద్దలు ఏమన్నారు? చెమ్మగిల్లిందనే కదా.

చెమ్మ, చెమట, చెమరు, చెమర్చు అన్నీ ఒక ఇంటి బిడ్డలు. ఒంటికి పట్టేది చెమట. కొత్త కుండలో నీళ్లు పోస్తే పైన చెమరుస్తుంది. పోయినవారు తలపుకు వస్తే కళ్లు చెమరుస్తాయి. మట్టికీ, మేనికీ, మనసుకూ ఒకే ధాతువు చాలిన భాష మనది. తడి కంటికి కనబడుతుంది, పిండితే కారుతుంది. చెమ్మ అలా కాదు, తాకితేనే తెలుస్తుంది. ఇక ‘గిల్లు’ గోటితో గిల్లడం కాదు. వర్ధిల్లు, మోకరిల్లు, సొమ్మసిల్లు వంటి క్రియల వరసలోనిదే అనిపిస్తుంది. నడుమ గకారం ఎలా వచ్చిందో మాత్రం తేలవలసే ఉంది.

అయితే మీ కోడలి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఆమె గాలి సంగతి చెబుతోంది, మీరు వస్తువు సంగతి చెబుతున్నారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన సముద్రతీరంలో గాలి నీటిని మోసుకు తిరుగుతుంది. అది తేమ. దాన్ని లెక్కగట్టి చెప్పవలసి వస్తే ఆర్ద్రత. సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి మోయగల నీటిలో అప్పటికి ఉన్న వంతు, 75 శాతం దాటితే ఉప్పు ఆ నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కనుక అది ఇంకా ముందే నీరవుతుంది. కాబట్టి గాలిలో తేమ పెరిగింది, ఇల్లు చెమ్మగిల్లింది అనడం నాకు నచ్చిన పద్ధతి. తేమ, చెమ్మ ఒకదాని చోట ఒకటి వాడేవారూ ఉన్నారు, వారిని తప్పుపట్టను. కానీ ఇన్ని మాటలు ఇంట్లో పెట్టుకుని హ్యుమిడిటీని అరువు తెచ్చుకోవడమెందుకు?

ఈ కోవలోదే ఇంకో మాట నెమ్ము, అంటే లోపలికి దిగి నిలిచిన చెమ్మ. గోడకూ పడుతుంది, రొమ్ముకూ పడుతుంది.

తలుపు ‘జామ్ అయింది’ అనడం కూడా ఈ మధ్య వింటున్నాను. తలుపు ఉబ్బిందమ్మా! చెక్క తేమను పీల్చి పొడవునా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే అంచు వెళ్లి ద్వారబంధాన్ని పట్టేస్తుంది. ‘ఉబ్బింది’ అంటే కారణం కూడా అందులోనే ఉంది. ‘జామ్’లో ఏముంది?

ముక్క వాసనకు మాంసం ముక్కతో గానీ మొహాన ఉన్న ముక్కుతో గానీ చుట్టరికం లేదు. ముక్కిన బియ్యం అంటాం చూడండి, ఆ ముక్కడమే ఇది. మూసిన బీరువాలో ఆర్ద్రత 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బట్టకు బూజు పడుతుంది. తమిళులు దీన్నే పూసణం అంటారు. మీ చీరలది ఆ బూజు వాసనే.