రెండు పుస్తకాలు రెండు మాటలు చెబితే

పాచికలు వేస్తూ పాత్రలుగా కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక నియమాల పుస్తకం ఒకలా, మరొకటి ఇంకోలా చెబితే ఆట నడిపించే డంజన్ మాస్టర్ దేన్ని పాటించాలని అడిగారు. ఆరేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. మా దగ్గర పుట్టిన తగాదాల్లో సగానికి పైగా అసలు వైరుధ్యాలే కావు. కొన్నిచోట్ల ప్రత్యేక నియమం సాధారణ నియమాన్ని మించుతుంది. ఆ మాట ఆటగాళ్ల ప్రధాన నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మొదట్లోనే ఉంది. ఇంకొన్నిచోట్ల ఒక పుస్తకం మాట్లాడుతుంది, రెండోది ఊరుకుంటుంది.

మాకు ఒక రాత్రంతా నిద్ర లేకుండా చేసింది కౌంటర్‌స్పెల్, అంటే ఎదుటివాడి మంత్రాన్ని అడ్డుకునే మంత్రం. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం ఎదుటివాడు మంత్రం వేస్తుండగా రియాక్షన్ (మన వంతు కాకపోయినా చేయగల తక్షణ చర్య) వాడి దాన్ని ఆపవచ్చు. ఎదుటివాడి మంత్రం బలం మూడో లెవెల్ వరకైతే దానంతట అదే ఆగుతుంది, నాలుగు నుంచి పాచిక వేయాలి. వేస్తున్నది ఏ మంత్రమో ముందే తెలుస్తుందా? ఆ ఊసే లేదు. నేనేమో 'ఫైర్‌బాల్ వేస్తున్నాడు' అని పైకే చెప్పేసేవాణ్ణి. ఒకరోజు రోగ్ పాత్ర ఆడే మిత్రుడు 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ అనే అనుబంధ నియమాల పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. మంత్రాన్ని గుర్తుపట్టడానికే రియాక్షన్ ఖర్చవుతుందట. పైగా ఆర్కానా (మంత్రవిద్య పరిజ్ఞానం) పాచికలో 15కు మంత్రం లెవెల్ కలిపినంత రావాలి, మూడో లెవెల్ ఫైర్‌బాల్‌కు 18. ఉన్న రియాక్షన్ ఒక్కటే. అంటే గుర్తుపట్టినవాడు ఆపలేడు, ఆపేవాడికి దేన్ని ఆపుతున్నాడో తెలియదు. విజార్డ్ ఆడే అమ్మాయి మొహం అప్పుడు చూడాల్సింది!

మొదటి పుస్తకం వదిలేసిన ఖాళీని రెండోది పూరించింది, అంతే. అదీ డంజన్ మాస్టర్ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఒక సవరణతో ఒప్పుకున్నాను: ఒకరు గుర్తుపట్టి కేకేస్తే ఇంకొకరు ఆపవచ్చు. మా క్లెరిక్ ఆ కేక ఎంత శ్రద్ధగా వేసేవాడంటే, పక్కింటివారు ఒకసారి తలుపు తట్టారు.

అసలైన వైరుధ్యం ఆయుధంతో కొడుతూ వేసే బూమింగ్ బ్లేడ్ మంత్రానిది. 2015లో స్వోర్డ్ కోస్ట్ అడ్వెంచరర్స్ గైడ్‌లో దాని రేంజ్, అంటే పనిచేసే దూరం, 5 అడుగులు. 2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో అది 'సెల్ఫ్' (వేసేవాడి దగ్గరే) అయింది. 2014 నియమాల్లో సెల్ఫ్ రేంజ్ మంత్రాన్ని ట్విన్డ్ స్పెల్ అనే సోర్సరర్ పాత్ర నైపుణ్యంతో ఇద్దరి మీద వేయడం కుదరదు. మా సోర్సరర్ ఆ జోడీనే నమ్ముకుని క్యారెక్టర్ తయారుచేసుకున్నాడు. ఒకే మంత్రం రెండుసార్లు అచ్చయితే కొత్త అచ్చే ప్రమాణం, అందులో నాకు సందేహం లేదు. అయినా సగం కథ నడిచాక అతని చేతిలోది లాక్కోవడానికి మనసొప్పలేదు. ఆ కథ ముగిసేదాకా పాతదే ఉంచాం.

2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కు మారినప్పుడు గొడవ తక్కువే. కౌంటర్‌స్పెల్ ఇప్పుడు ఎదుటివాడి కాన్‌స్టిట్యూషన్ సేవ్‌తో (దేహదారుఢ్యం మీద వేసే తప్పించుకునే పాచికతో) తేలుతుంది, లెవెల్ లెక్క పోయింది. గాయాలు మాన్పే హీలింగ్ పోషన్‌ను బోనస్ యాక్షన్‌తో (అసలు చర్యకు అదనంగా దొరికే చిన్న చర్యతో) తాగవచ్చంటే ఎవరు కాదంటారు?

పోరు మధ్యలో తేడా వస్తే మాత్రం పుస్తకాలు తిరగేస్తూ కూర్చోకండి. నేను రెండు నిమిషాలు చూస్తాను. తేలకపోతే ఆటగాడికి మేలు చేసే అర్థం తీసుకుని ముందుకు వెళ్తాం. ఆట ముగిశాక నిదానంగా చదివి, తీర్పును తేదీతో సహా నోటుపుస్తకంలో రాస్తాం. అది వచ్చే ఆట నుంచే అమలు. తప్పని తేలినా చచ్చిన గోబ్లిన్ లేచి రాదు. ఆ నోటుపుస్తకంలో ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి, నాలుగు కౌంటర్‌స్పెల్‌వే.