ముందు కాంటా, తర్వాతే ప్యాకెట్లు

చి. బుజ్జికి,

పెద్దమ్మ దీవెనలు. పాడేరు వైపు గిరిజన రైతుల ఎఫ్‌పీవోకి (రైతు ఉత్పత్తిదారుల సంస్థకి) నిన్ను సీఈవోగా తీసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. చింతపండుతో మొదలుపెడుతున్నారట, హైదరాబాద్ సూపర్‌మార్కెట్లకు ప్యాకెట్లు పంపాలని ప్లాన్ కూడా రాశావట. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో ఏళ్ల తరబడి వడ్లు, మొక్కజొన్న కొన్నదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ప్యాకెట్ల సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు సంతకు వెళ్లి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చింతపండు కొనే షావుకారు పక్కనే నిలబడు. రేటు ఒక్కటే చూడకు. సరుకు తూస్తున్నాడా, కుంచంతో కొలుస్తున్నాడా? తరుగు పేరుతో ఎంత తీస్తున్నాడు? డబ్బు చేతికిస్తున్నాడా, పాత బాకీలో జమ చేసుకుంటున్నాడా? గంప దించిన ఆడమనిషి సొమ్ము చాలావరకు అక్కడే కారిపోతుంది. పట్నంలో నువ్వు ఎంత మంచి రేటు తెచ్చినా, తూకం దగ్గర పోతుంటే ఆమెదాకా చేరేది తక్కువే.

అందుకే నీ మొదటి ఖర్చు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాంటా కావాలి. అంకె అమ్మే మనిషి వైపు కనపడాలి, రసీదు ఆమె చేతికి వెళ్లాలి. మా కేంద్రంలో వడ్లకు తేమ 17 శాతం దాటకూడదు. మీటర్ పెట్టి రైతునే చదవమనేవాళ్లం. ఎక్కువుంటే ఆయనే ఆరబోసుకొచ్చేవాడు. తరుగు మీద గొడవలు చాలా తగ్గాయి.

ఇక షావుకారును మీటింగుల్లో తిట్టించకు. అతను కొనేది చింతపండు, అమ్మేది అప్పు. వానాకాలంలో కొండమీద ఇళ్లల్లో గింజలు అయిపోతాయి. పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి అయినా అతని తలుపు తట్టొచ్చు, కాగితాలు అడగడు. ఎండాకాలంలో రాలబోయే చింతపండు బేరం ఆ రాత్రే అయిపోతుంది. నువ్వు కిలోకు రెండు రూపాయలు ఎక్కువిచ్చి, డబ్బు పదిహేను రోజుల తర్వాత బ్యాంకులో పడుతుందంటే వాళ్లు అతని దగ్గరికే వెళ్తారు. వాళ్ల తప్పేం లేదు. కాబట్టి సరుకు దించిన రోజే డబ్బు ఇచ్చేలా మూలధనం సర్దుకో. సీజన్ మొదలవకముందే బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడు. వానాకాలం తిండి ఖర్చుకు మహిళా సంఘం పొదుపులోంచి చిన్న అప్పులు ఇప్పించు, తిరిగి కట్టేది చింతపండు అమ్మినప్పుడే అని రాయించు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పుల గొడవ గుర్తుందా? రాబడి పంటకొకసారి, కిస్తీ వారం వారం. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసిన ఆడవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో నేను దగ్గరుండి చూశాను. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి నెలవారీ వసూలే చేయాలని చెప్పాల్సి వచ్చింది.

ఊళ్లో సరుకంతా మీరే కొనాలని పట్టుబట్టకు. ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ జీసీసీ 1956 నుంచి ఉంది. అది రేటు ప్రకటించి డిపోలో నిజంగా కొంటే ప్రైవేటు వాళ్లూ రేటు పెంచక తప్పదు. మీ కాంటా కూడా అలాగే పనిచేస్తుంది. మీకు అమ్మనివాళ్లకు కూడా నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. ఆ లాభం మీ ఖాతాల్లో ఎక్కడా కనపడదు. అందుకని ప్రతి సంతలో బయటి రేటు రాసి పెట్టు, మీ సంస్థ బోర్డు అడిగినప్పుడు చూపించొచ్చు.

పిక్క తీసే పని ఇళ్లల్లోనే చేయించు, ఆ కూలి ఊళ్లోనే ఉంటుంది. పిక్కలు పారేయనివ్వకు, వాటి పొడి బట్టల మిల్లుల్లో గంజికి వాడతారు. రేటు పెరుగుతుందని మొత్తం సరుకు దాచకు. కోల్డ్ స్టోరేజీ లేకుండా వానల దాకా ఉంచితే చింతపండు నల్లబడి రేటు పడిపోతుంది.

2020లో వచ్చిన ఎఫ్‌పీవో పథకం కింద మీది ఉంటే, నిర్వహణకు మూడేళ్లలో 18 లక్షల దాకా వస్తుంది. నీ జీతం కూడా అందులోదే. మూడేళ్లు ఇట్టే అయిపోతాయి. కిలోకు ఎంత మిగిలితే జీతాలు, గోడౌన్ అద్దె, హమాలీ, లారీ కిరాయి గడుస్తాయో మొదటి సీజన్‌లోనే లెక్క కట్టు. ఆ లెక్క బోర్డులోని ఆడవాళ్లకు నోటికి రావాలి.

వీలైతే వాళ్లలో ఇద్దరిని తెలంగాణలోని ముల్కనూరు తీసుకెళ్లు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద అక్కడి మహిళలు పాల డెయిరీ పెట్టుకున్నారు, స్వకృషి పాలు వాళ్లవే. నువ్వు పక్కన కూర్చో, మాటలు వాళ్లనే మాట్లాడుకోనివ్వు. మగవాళ్లు, ఆఫీసర్లు వచ్చి పెత్తనం చేస్తామన్నప్పుడు ఎలా ఆపారో అడగమని మాత్రం చెప్పు.

కొనుగోలు రిజిస్టర్ నమూనా నా దగ్గర ఉంది, కొరియర్‌లో పంపిస్తున్నాను. తరుగు గడి పక్కన కారణం రాసే గడి కూడా గీశాను. అది ఎప్పుడూ ఖాళీగా వదలకు.

మీ పెద్దమ్మ